ఒకమారు తప్పు, ఒకమారు ఒప్పు

ఇంట రేడియో గల వారికి ఒక అనుభవం తప్పక ఉండి ఉంటుంది. సాయంకాలం వార్తలు మొదలయ్యే వేళకు రేడియో గరగరమని ఆగిపోతుంది. రెండుసార్లు చేతితో తట్టితే మళ్ళీ పలుకుతుంది. మరునాడు దానిని సంచిలో పెట్టుకొని బజారుకు తీసుకొనిపోయి, మరమ్మతు చేసే వారి బల్లమీద ఉంచగానే, ఏమీ ఎరుగనట్లు చక్కగా పాడుతుంది. "ఇందులో లోపమేమీ లేదండీ" అని ఆయన తిరిగి ఇచ్చివేస్తాడు. ఆ రాత్రే ఇంటిలో మళ్ళీ పాత కథ.

అనుభవం గల పనివాడు అట్లా పంపివేయడు. "ఎప్పుడు ఆగుతున్నది? పెట్టిన వెంటనేనా, అరగంట గడచిన తరువాతనా? కదిలించినపుడా, ఊరకే ఉన్నపుడా?" అని అడుగుతాడు. లోపల ఎక్కడో ఒక తీగ అతుకు సరిగా పట్టి ఉండదు. పెట్టె వేడెక్కినపుడు ఆ అతుకు విడిపోతుంది, చల్లారితే కలుసుకొంటుంది. బల్లమీద ఐదు నిమిషాలు పాడించి చూచిన వానికి అది దొరకదు. అరగంట వేడెక్కనిచ్చిన వానికి దొరుకుతుంది. రేడియో తన ఇష్టం వచ్చినపుడు ఆగిపోలేదు. ఆగడానికి దానికొక వేళ ఉన్నది, ఒక కారణం ఉన్నది. అవి మనకు తెలియనంత కాలమే అది చపలబుద్ధి గల దానివలె కనబడుతుంది.

కంప్యూటరు ప్రోగ్రాములను పరీక్షించే స్వయంచాలక పరీక్షలలోనూ ఇటువంటివి కొన్ని ఉంటాయి. ఏ మార్పూ చేయకపోయినా ఒకమారు తప్పు చూపుతాయి, మరొకమారు ఒప్పు చూపుతాయి. ఆ వృత్తిలోని వారు వీటిని "ఫ్లేకీ టెస్టులు" అంటారు. మనము నిలకడలేని పరీక్షలు అందాము. ఇది ఇంజనీర్లకు మాత్రమే సంబంధించిన విషయమని పాఠకులు పేజీ తిప్పవద్దని మనవి. ఏలూరు, తాడేపల్లిగూడెం, భీమవరం ప్రాంతాలలో బిడ్డలో, మేనల్లుడో, పక్కింటి అమ్మాయో ఈ పనిలో లేని వీధి నేడు అరుదు. ఏలూరులో సర్ సి. ఆర్. రెడ్డి ఇంజనీరింగు కళాశాల ఉన్నది. తాడేపల్లిగూడెంలో 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ఏర్పడినది. అంతకన్న ముఖ్యముగా, ఆ బిడ్డలు వ్రాసే ప్రోగ్రాములమీద ఆధారపడేది మన జీవితమే.

పరీక్ష అనగా నేమి?

మన ప్రాంతపు ఉదాహరణే కల్పించుకొందాము. కొల్లేటి చుట్టుప్రక్కల కైకలూరు, మండవల్లి, ఆకివీడు ప్రాంతాలలో చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఎంత విస్తారంగా ఉన్నవో చెప్పనక్కరలేదు. చెరువు నీటిలో కరిగి ఉండే ప్రాణవాయువే ఆ జీవాలకు ఊపిరి. పగటివేళ నీటిలోని నాచు, సూక్ష్మమైన మొక్కలు ఎండ సాయముతో ప్రాణవాయువును పుట్టిస్తాయి. రాత్రి ఆ పని ఆగిపోతుంది. పీల్చుకోవడం మాత్రం ఆగదు. కనుక రాత్రి గడచిన కొలదీ వాయువు తగ్గుతూ వచ్చి, తెల్లవారుజామున అత్యల్ప స్థాయికి చేరుతుంది. లీటరు నీటిలో మూడు మిల్లీగ్రాములకన్న తగ్గినదంటే రొయ్యకు ప్రమాదమే. చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నవంటే రైతు పరుగున పోయి ఏరేటర్లు తిప్పవలసినదే. ఒక్క ఉదయం ఆలస్యమైతే నెలల శ్రమ, అప్పు తెచ్చి పెట్టిన పెట్టుబడి, రెండూ నీటిపాలవుతాయి.

ఒక రైతు ఇంటి కుర్రవాడు, తన ఇద్దరు మిత్రులతో కలిసి, ఈ కాపలా పనిని కంప్యూటరుకు అప్పగించే ప్రోగ్రాము వ్రాసినాడనుకొందాము. చెరువులో ఒక కొలత సాధనం ఉంటుంది. అది ఐదు నిమిషాలకొకసారి ప్రాణవాయువును కొలిచి, తేదీ, వేళ వేసి పంపుతుంది. ప్రోగ్రాము ఆ అంకెను చూచి, అవసరమైతే ఏరేటర్లు తిప్పమని ఆజ్ఞ ఇస్తుంది. రైతు ఫోను మ్రోగిస్తుంది.

ఇటువంటి ప్రోగ్రాము ఒకనాడు వ్రాసి వదిలివేసేది కాదు. ఈ వారం ఒక సౌకర్యం చేరుస్తారు, పై వారం ఒక తప్పు దిద్దుతారు. ఒకచోట దిద్దినపుడు మరొకచోట చెడలేదని ఎట్లా తెలియాలి? అందుకే ప్రోగ్రాముతోపాటు పరీక్షలు కూడ వ్రాసిపెడతారు. "వాయువు రెండుకు దిగినట్లు ఒక అంకె పంపు, ఏరేటరుకు ఆజ్ఞ పోయినదా, లేదా చూడు." ఇది ఒక పరీక్ష. ఇటువంటివి వందలు, వేలు ఉంటాయి. ప్రోగ్రాములో ఎవరు ఏ అక్షరం మార్చినా ఈ పరీక్షలన్నియు మనిషి చేయి పడకుండా వాటంతట అవే నడుస్తాయి. అన్నీ నెగ్గితే పచ్చగుర్తు, ఒక్కటి తప్పినా ఎర్రగుర్తు. ఎర్రగుర్తు ఉన్నంతవరకు ఆ మార్పు బయటకు పోరాదని నియమం.

మంచి పరీక్షకు ఉండవలసిన మొదటి గుణం నిలకడ. ప్రోగ్రాము మారనపుడు ఫలితమూ మారరాదు. ఆ గుణం లోపించినపుడు ఏమవుతుందో చూతము.

ఎర్రగుర్తు అలవాటైతే

పరీక్ష తప్పినది. కుర్రవాడు తన మార్పును తిరిగి చూచుకొంటాడు. తప్పేమీ కనబడదు. "మళ్ళీ నడిపి చూతము" అని మీట నొక్కుతాడు. ఈసారి పచ్చ. హమ్మయ్య అనుకొని ముందుకు పోతాడు. వారం తరువాత మళ్ళీ అదే. నెల తిరిగేసరికి ఆ జట్టులో ఒక లోకోక్తి స్థిరపడుతుంది: "ఆ పరీక్ష అంతే. మళ్ళీ నొక్కండి, పోతుంది."

ఇది చిన్న జట్ల అశ్రద్ధ మాత్రమే కాదు. గూగుల్ సంస్థవారు 2016లో తమ అనుభవాన్ని బహిరంగముగా ప్రకటించినారు. వారు నడిపే పరీక్షల ఫలితాలలో నూటికి సుమారు ఒకటిన్నర నిలకడలేనివట. వారి పరీక్షలలో నూటికి దాదాపు పదహారింటికి ఎంతో కొంత ఈ రోగం ఉన్నదట. నిన్నటిదాక పచ్చగా ఉండి నేడు ఎర్రబడిన సందర్భాలలో నూటికి ఎనభై నాలుగింటిలో నిలకడలేని పరీక్ష ఒకటి ఇమిడి ఉన్నదట. అంత పెద్ద సంస్థలోనే ఇట్లు ఉన్నపుడు, ఎర్రగుర్తు చూడగానే "ఇదీ అటువంటిదే" అని మనసుకు తోచడములో ఆశ్చర్యమేమున్నది?

ఒక్కొక్క పరీక్ష అరుదుగానే తప్పినా, అన్నీ కలిసినపుడు అరుదు కాదు. ఒక ప్రోగ్రాముకు వేయి పరీక్షలు ఉన్నవనుకొందాము. ప్రతిదీ వేయిమార్లలో ఒక్కమారు అకారణముగా తప్పుతుందనుకొందాము. వినడానికి స్వల్పమే. కాని వేయి పరీక్షలు ఒక విడతగా నడిపితే కనీసం ఒక్కటి తప్పే అవకాశం నూటికి అరవై మూడు! అనగా మూడు విడతలలో సుమారు రెండు విడతలు ఎర్రగా తేలుతాయి. ఇంతకన్న కాపలా లేకపోవడమే మేలు. రాత్రంతా ఆకు కదిలినా మొరిగే కుక్క ఇంట ఉంటే, మూడవనాటికి ఇంటివారు నిద్ర లేవరు. నాలుగవనాడు దొంగ వచ్చినా లేవరు.

ఎర్రగుర్తులకు అలవాటు పడడం ఎంత ఘోరానికి దారితీయగలదో చూపే సంఘటనలు అమెరికా, కెనడాలలో 1985 జూను, 1987 జనవరి మధ్య జరిగినవి. క్యాన్సరు రోగులకు కిరణ చికిత్స చేసే థెరాక్-25 అనే యంత్రం కంప్యూటరు ప్రోగ్రాముతో నడిచేది. అది తరచు ఏవో సంకేతాలు చూపి ఆగుతూ ఉండేది. ఒక మీట నొక్కితే మళ్ళీ సాగేది. నడిపేవారికి ఆ ఆగడం, ఆ నొక్కడం దినచర్యలో భాగమైపోయినవి. టెక్సస్ రాష్ట్రములోని టైలర్ పట్టణములో 1986 మార్చిలో యంత్రం "మాల్‌ఫంక్షన్ 54" అని చూపి ఆగినది. అలవాటు ప్రకారం మీట నొక్కినారు. రోగికి విపరీతమైన మోతాదులో కిరణాలు తగిలినవి. ఆ యంత్రమువలన మొత్తం ఆరుగురికి ఇట్టి ప్రమాదం జరిగినది, కొందరు మరణించినారు.

ఈ కథలో మనకు కావలసిన పాఠం తరువాత ఉన్నది. మార్చి ప్రమాదం పిమ్మట తయారీదారుల ఇంజనీర్లు వచ్చి పరీక్షించినారు, లోపం కనబడలేదు. యంత్రం మళ్ళీ వాడుకలోకి వచ్చినది. ఏప్రిల్‌లో అక్కడనే రెండవ ప్రమాదం. అప్పుడు ఆ ఆసుపత్రి భౌతికశాస్త్రజ్ఞుడు, యంత్రం నడిపిన ఉద్యోగిని కూర్చొని, ఆనాడు ఏ మీటలు ఏ వరుసలో నొక్కినదీ తిరిగి తిరిగి అభినయించి చూచినారు. చివరకు రహస్యం దొరికినది. వివరాలను తప్పుగా కొట్టి, వెంటనే వేగముగా దిద్దుకొన్నపుడు మాత్రమే ప్రోగ్రాములోని రెండు పనులు ఒకదానితో ఒకటి పొసగక లోపం బయటపడుతున్నది. పరీక్షించ వచ్చిన వారు మెల్లగా కొట్టినారు; వారికి కనబడలేదు. పనిలో ఆరితేరిన ఉద్యోగిని వేళ్ళు చురుకుగా ఆడినవి, ఆమెకు కనబడినది. అప్పుడప్పుడు కనబడే తప్పు లేని తప్పు కాదు. దాని వేళ మనకు ఇంకా తెలియదు, అంతే.

నిలకడ ఎందుకు తప్పుతుంది?

అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ఈ విషయమై ఒక పరిశీలన ప్రకటించినారు. అపాచీ అనే సంస్థ ఆధ్వర్యంలో నడిచే 51 ప్రోగ్రాములలో, నిలకడలేని పరీక్షలను బాగుచేసిన 201 సందర్భాలను వారు చూచినారు. వారు తేల్చిన కారణాలను మన చెరువు ప్రోగ్రాముకు అన్వయించి చెప్పుకొందాము.

మొదటిది, చాలినంత సేపు వేచి ఉండకపోవడం. దాదాపు సగం కేసులు, నూటికి 45, ఈ కోవకు చెందినవే. ఏరేటరుకు ఆజ్ఞ పంపి, రెండు సెకండ్లు ఆగి, "తిరిగినదా?" అని పరీక్ష అడుగుతుంది. కంప్యూటరు తీరికగా ఉన్న రోజున రెండు సెకండ్లు చాలును. పని వత్తిడి ఉన్న రోజున మూడు పడుతుంది. రైలు ఎనిమిదింటికి వస్తుందని స్టేషనుకు పోయి, ఎనిమిదీ రెండుకు రాలేదని "బండి రద్దయినది" అని ఇంటికి చెప్పినట్లే ఇది. చాలమంది దీనికి చేసే చికిత్స రెండును ఐదు చేయడం. ఐదుకూ ఒకనాడు చాలదు. పైగా వేయి పరీక్షలు ఊరకే కూర్చొని గంటలు తినివేస్తాయి. సరియైన మార్గం వేరు. తిరిగినదని కబురు వచ్చేవరకు చూడవలెను, రాగానే లేవవలెను. ఎంతకూ రాకపోతే, ఇంతకు మించి ఆగనని ఒక గరిష్ఠ గడువు పెట్టుకొనవలెను.

రెండవది, ఏకకాలములో నడిచే పనులు ఒకదానికొకటి అడ్డుతగలడం. ఇది నూటికి 20. ఒక పని వాయువు అంకెను వ్రాస్తూ ఉండగా రెండవ పని సగములో చదివివేస్తుంది. థెరాక్ యంత్రములోని లోపం ఈ జాతిదే.

మూడవది, పరీక్షల వరుస. ఇది నూటికి 12. వంటింటిలో ఒకరు పులుసు కాచిన గిన్నె కడగకుండా పోతే, అదే గిన్నెలో పాలు కాచబోయిన వారి పాలు విరుగుతాయి. పాలలో లోపం లేదు, కాచినవారిలోనూ లేదు. అట్లే ఒక పరీక్ష తాను సృష్టించిన చెరువు పేరును చెరపకుండా పోతే, తరువాత వచ్చిన పరీక్ష తప్పుతుంది. వరుస మారితే నెగ్గుతుంది. ఎవరి గిన్నె వారు కడిగి బోర్లించవలెనన్న ఇంటి నియమమే ఇక్కడ మందు.

ఇవికాక, బయటి సంస్థల కంప్యూటర్లను నమ్ముకొని వ్రాసిన పరీక్షలు ఉంటాయి. వాతావరణ సమాచారమిచ్చే కంప్యూటరు ఆ క్షణాన పలకకపోతే మన పరీక్ష తప్పుతుంది. పాచికలు వేసినట్లు యాదృచ్ఛికమైన అంకెలతో నడిచేవి ఉంటాయి. అన్నిటికన్న మాయలమారి గడియారం. దాని కథ వేరుగా చెప్పవలెను.

ఆ పరిశీలనలో మరొక మాట ఉన్నది. పరిశోధకులు చూచిన కేసులలో సుమారు నాలుగవ వంతులో, పరీక్షను బాగుచేయబోయిన వారు అసలు ప్రోగ్రామును కూడ మార్చవలసి వచ్చినది. ఆ మార్పులలో ఎక్కువ భాగం నిజమైన తప్పులను సరిదిద్దినవే. అనగా, "పరీక్షకే పిచ్చి" అని కొట్టివేసిన ప్రతి నాలుగింటిలో ఒకటి నిజం చెప్పుతూ ఉండవచ్చును.

అర్ధరాత్రి మొదలు ఐదున్నర వరకు

ఇక గడియారపు సంగతి. ప్రపంచములోని అనేక కంప్యూటర్లు తమ లోపల అంతర్జాతీయ కాలమానమును పాటిస్తాయి. మన గడియారం దానికన్న ఐదున్నర గంటలు ముందు నడుస్తుంది. మన చెరువు కుర్రవాడు తన ప్రోగ్రామును ఎక్కడో దూరాన ఉన్న అద్దె కంప్యూటరులో పెట్టినాడనుకొందాము. చెరువుగట్టున ఉన్న సాధనం మన తేదీ వేసి అంకెలు పంపుతుంది. ప్రోగ్రాము మాత్రం "ఈ దినం తేదీ ఏమి?" అని అద్దె కంప్యూటరునే అడిగి, ఆ తేదీ గల అంకెలలో కడపటిదానిని చూస్తుంది.

పగలంతా ఏ చిక్కూ లేదు. రెండు తేదీలూ ఒక్కటే. కాని మనకు 12వ తేదీ తెల్లవారుజామున మూడు గంటలైనపుడు, ఆ కంప్యూటరులో ఇంకా 11వ తేదీ రాత్రి తొమ్మిదిన్నరే. ప్రోగ్రాము 11వ తేదీ అంకెలను వెతుకుతుంది. దానికి దొరికే కడపటి అంకె మన అర్ధరాత్రికి ఐదు నిమిషాల ముందుది. అప్పటికి చెరువు క్షేమముగానే ఉన్నది! అర్ధరాత్రి తరువాత వచ్చిన అంకెలన్నీ 12వ తేదీవి. వాటిని అది చూడనే చూడదు. ఐదున్నర కాగానే తేదీలు మళ్ళీ కలుస్తాయి.

ఈ తప్పును పట్టుకోగల పరీక్ష ఆ జట్టు దగ్గర ఉన్నది. "ఇప్పటి వేళతో తక్కువ అంకె పంపు, ఆజ్ఞ పోయినదా చూడు" అన్న ఆ పరీక్షే. పగలు ఎన్నిమార్లు నడిపినా అది నెగ్గుతుంది. గడువు ముంచుకొచ్చి కుర్రవాళ్ళు రాత్రి ఒంటిగంటకు పని చేస్తున్నపుడు మాత్రం తప్పుతుంది. నిద్రకళ్ళతో ఒకరు రెండుసార్లు నొక్కి చూచి, "ఆ పరీక్ష అంతే" అని పడుకొంటారు. ఉదయం పదింటికి నొక్కితే పచ్చ. ఆ పచ్చతోనే ప్రోగ్రాము చెరువుగట్టుకు చేరుతుంది.

పరీక్ష తప్పిన వేళలు ఏవి? అర్ధరాత్రి మొదలు ఐదున్నర. చెరువులో వాయువు దిగజారే వేళలు ఏవి? అవే. జట్టులోని వారు పిచ్చిదన్న పరీక్ష, సరిగా ఆ రైతుకు ప్రమాదమున్న ఘడియలలోనే కేక వేస్తున్నది. ఎప్పుడెప్పుడు తప్పినదో ఒక కాగితముమీద వరుసగా వ్రాసిపెట్టి ఉంటే, నాలుగవ వరుసకే ఆ కారణం కంటికి కట్టి ఉండేది.

దీనికి మందు కూడ క్లుప్తముగా చెప్పుదము. ప్రోగ్రాము అద్దె కంప్యూటరు తేదీని నమ్మరాదు. చెరువు కాలమానమునే అడగవలెను. పరీక్ష గోడగడియారమును నమ్మరాదు. తానే ఒక గడియారమును ప్రోగ్రాము చేతికిచ్చి, "ఇప్పుడు తెల్లవారుజామున మూడు", "ఇప్పుడు ఐదూ ఇరవై తొమ్మిది", "ఇప్పుడు ఫిబ్రవరి 29" అని చెప్పి ప్రతిసారీ చూడవలెను. అప్పుడు పరీక్షను పగలు నడిపినా రాత్రి నడిపినా ఒకే మాట చెప్పుతుంది.

శ్రీహరికోట చెప్పే నీతి

ఎర్రగుర్తు కనబడినపుడు దోషం వస్తువులోనిదా, కొలిచే సాధనములోనిదా అన్న ప్రశ్న మన రాష్ట్రములోని శ్రీహరికోటలో అందరి కళ్ళ ఎదుట రెండు విధాల తేలినది. 2013 ఆగస్టు 19న జి.ఎస్.ఎల్.వి. డి-5 రాకెట్టు లేవడానికి గంటా పద్నాలుగు నిమిషాలు ఉన్నదనగా, రెండవ దశలో ఇంధనం కారుతున్నదని కనుగొని లెక్కింపు ఆపివేసినారు. అది నిజమైన లోపం. దానిని సరిచేసి 2014 జనవరి 5న ప్రయోగిస్తే విజయవంతమైనది. 2023 అక్టోబరు 21న గగన్‌యాన్ కొరకు చేసిన మొదటి పరీక్షా ప్రయోగములో, లేవడానికి ఐదు సెకండ్లు ఉన్నదనగా కంప్యూటరే ఆపివేసినది. ఆనాడు రాకెట్టులో దోషం లేదు. కనిపెట్టి చూచే ఏర్పాటులో తేడా వచ్చినది. దానిని గుర్తించి సరిచేసి, ఉదయం పది గంటలకు అదే రాకెట్టును పంపినారు.

ఒకనాడు వస్తువుది తప్పు, ఒకనాడు కాపలాది తప్పు. రెండు సందర్భాలలోనూ ముందు ఆపినారు, పిదప కారణం తెలుసుకొన్నారు, ఆ తరువాతనే పంపినారు. కాపలాది తప్పని తేలిననాడు కూడ, కారణం తెలిసిన తరువాతనే ముందుకు పోయినారు.

ఏమి చేయవలెను?

నిలకడలేని పరీక్ష ఎదురైనపుడు పని ఆపుకొని నెలలు కూర్చొనడం ఏ జట్టుకూ సాధ్యం కాదు. కళ్ళు మూసుకొని మీట నొక్కడమూ తగదు. మధ్య మార్గం మన రైల్వేలను చూచి నేర్చుకొనవచ్చును. ఏలూరు, తాడేపల్లిగూడెం స్టేషన్ల మీదుగా పోయే బండ్లకు సిగ్నళ్ళు చూపే ఏర్పాటులో, పట్టాల గుండా స్వల్పమైన విద్యుత్తు ప్రవహిస్తుంది. బండి చక్రాలు రెండు పట్టాలను కలపగానే సిగ్నలు ఎర్రబడుతుంది. భారీ వర్షాలకు కంకరలో నీరు నిలిస్తే, విద్యుత్తు ఆ నీటి గుండా కారిపోయి, బండి లేకున్నా ఎరుపు చూపవచ్చును. అప్పుడు డ్రైవరు "వానకు ఇది మామూలే" అని దూసుకొనిపోడు. ఆగుతాడు. నియమం ప్రకారం వ్రాతమూలకమైన అనుమతి పొంది, జాగ్రత్తగా కదులుతాడు. ఆ లోపం పుస్తకములో నమోదవుతుంది. సిగ్నళ్ళు బాగుచేసేవారికి కబురు పోతుంది. బండ్లూ నడుస్తాయి, ఎరుపుకు గౌరవమూ నిలుస్తుంది.

ఇదే పద్ధతిని ప్రోగ్రాములకు అన్వయిస్తే నాలుగు నియమాలు తేలుతాయి.

మొదటిది, నమోదు. పరీక్ష తప్పిన ప్రతిసారీ వేళ, కంప్యూటరు, దానికి ముందు నడిచిన పరీక్ష, అప్పటి పని వత్తిడి వ్రాసిపెట్టవలెను. తిరిగి నడిపి నెగ్గినా, మొదటి తప్పును చెరిపివేయరాదు.

రెండవది, తిరిగి నడపడం చికిత్స కాదు, కొలత మాత్రమే. పదింట ఒకమారు తప్పే పరీక్ష వరుసగా మూడుమార్లు నెగ్గే అవకాశం నూటికి 73 ఉన్నది. కనుక మూడు పచ్చలు చూచి రోగం కుదిరినదనుకొనడం భ్రమ. ముప్పైమార్లు వరుసగా నెగ్గితేనే, కుదిరినదని కొంత ధైర్యముగా అనవచ్చును. ఎందుకనగా కుదరకుండా అన్నిమార్లు నెగ్గే అవకాశం నూటికి సుమారు నాలుగే.

మూడవది, విడిగా ఉంచడం. మార్టిన్ ఫౌలర్ అనే ప్రసిద్ధ రచయిత 2011లోనే ఈ సలహా ఇచ్చినాడు. అంటురోగం గలవారిని వేరు గదిలో ఉంచినట్లు, నిలకడలేని పరీక్షలను ముఖ్యమైన వరుసనుండి తీసి వేరే ఉంచవలెను. అప్పుడు తక్కిన పరీక్షల ఎర్రగుర్తుకు విలువ నిలుస్తుంది. కాని గదిలో పెట్టి తాళం వేసి మరచిపోతే రోగి మరణిస్తాడు. అందుచేత ప్రతిదానిమీద బాధ్యుని పేరు, పెట్టిన తేదీ, గడువు ఉండవలెను. ఆ గదిలో ఇన్నింటికి మించి ఉండరాదని హద్దు ఉండవలెను. హద్దు నిండితే కొత్త పని ఆపి, పాతవాటిని బాగుచేయవలెను. అవి విడిగా ఉన్నంత కాలం, ఆ భాగమును మనిషి స్వయముగా చూచుకొనవలెను.

నాలుగవది, నిర్ణయం. కారణం దొరికితే దిద్దవలెను: వేచి ఉండడం సరిచేయడమో, గిన్నె కడగడమో, గడియారం చేతికివ్వడమో. ఎంత వెతికినా ప్రయోజనం లేని పరీక్ష అని తేలితే, అది చూడవలసిన విషయమును మరొక విధముగా చూచే పరీక్ష వ్రాసి, పాతదానిని బహిరంగముగా తీసివేయవలెను. అబద్ధం చెప్పే కాపలాదారుకన్న కాపలా లేదని తెలిసి ఉండడం మేలు.

ఇందులో పెద్ద విద్య ఏమున్నదని కొందరు అడగవచ్చును. విద్యకన్న ఓర్పు ఎక్కువ కావలెను. వంద పనుల తొందరలో ఉన్న యువకుడు ఎర్రగుర్తు ముందు పది నిమిషాలు ఆగి "ఎప్పుడు తప్పినది?" అని అడగగలడా అన్నదే ప్రశ్న. అతనిపై అధికారులు ఆ పది నిమిషాలను వృథా అనుకోకుండా ఉండగలరా అన్నది దానికన్న పెద్ద ప్రశ్న.

పాఠకులలో ఎవరి బిడ్డయైనా హైదరాబాదునుండో, మరే దూరదేశమునుండో ఫోను చేసి, "రాత్రి ఒక పరీక్ష తప్పినదమ్మా, పొద్దున చూస్తే సరిగానే ఉన్నది" అంటే, "పోనీలే, సరిపోయినది కదా" అని ఊరకుండవద్దు. "రాత్రి ఎన్ని గంటలకు?" అని అడగండి. చెరువుగట్టున తెల్లవారుజామున లాంతరు పట్టుకొని నీళ్ళ వంక చూచిన తాత మొదట అడిగే ప్రశ్న అదే.